పదకొండు ఆదివారాలు

ఏం స్మితా, కాలేజీ నుంచి వచ్చినప్పట్నుంచీ ఆ ఫోను చూసుకుంటా మొగం అట్ల పెట్టుకోనుండావు? హాజరి తక్కువైందా? పరీక్షకు కూర్చోనిచ్చేది లేదన్యారా? ఊఁ. ఆ మేడం రాక్షసి అంటావా. అనుకోమ్మా. నేనూ మా మునినారాయణ మేష్ట్రును అట్లే అనుకుంటి. ఆయప్ప పోయి ముప్పై ఏండ్లయింది, ఇప్పుడు తల్చుకుంటే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

మా హైస్కూలుకు హెడ్మాస్టరాయన. బక్కమనిషి, గొంతు మాత్రం గంట మోగినట్లు. సెలవు చీటీ లేకుండా మూడు దినాలు రాకుంటే ఇంట్లోవాళ్ళను పిల్చుకొని రావల్ల. పదైదు దినాలైతే రిజిస్టర్లో పేరు కొట్టేసేది. ఏడాదికి నూటికి డెబ్బయ్యైదు దినాలు లేకుంటే ఎస్సెల్సీ పరీక్షే లేదు. మాకేనా ఆ రూలు? ఒగసారి ఊరికి పోయి వస్తాంటే పేరేసంద్ర తాన బస్సు చెడిపోయి ఆయన గంట ఆలస్యంగా వచ్చినాడు. ఎవరూ అడగలా. అయినా తన పేరుకు తానే సగం దినం సెలవు రాసుకున్యాడు. అట్లాంటోడు.

నేను టెంతులో ఉన్నప్పుడు మా యమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకునె. ఇంటినిండా పట్టుపురుగులు, నాలుగో జ్వరం లేసినాయి. జ్వరమంటే మన జ్వరం కాదే, పురుగు తినకుండా పండుకోని పొర విడుస్తుందే, అది. నాలుగోది లేసిందంటే ఎంత ఆకేసినా చాలదు. మా నాయన అంజినప్ప ఒక్కడు ఎంతని కోస్తాడు? నేను బడి మాని మల్బరీ ఆకు కోస్తా ఉండిపోతి. పదో దినం మేష్ట్రు సైకిలేసుకొని మా ఇంటికే వచ్చె. నేను పురుగుల తట్టల ఎనకాల దాక్కుంటి. మా యమ్మ కాలు చూసినాడు, తట్టలు చూసినాడు. "వనజా, కాగితం తీసుకోని రా" అన్యాడు. నాచేతనే చీటీ రాయించి, నాయనతో ఏలిముద్ర ఏయించుకునె. "దీంతో నీ పేరు నిలబడ్తాది. హాజరి మాత్రం రాదు" అని చెప్పి పాయె. నాకు ఒళ్ళు మండింది. అన్నీ కండ్లారా చూసి కూడా ఇట్లనా అని.

అమ్మ కర్ర పట్టుకోని నడిచేతలికి ఇరవైమూడు బడి దినాలు పాయె. అంతకుముందు ఆకు కోతకని పోయినవి శానా ఉన్యాయి. లెక్క చూస్తే పదకొండు దినాలు తక్కువ. నాయన పొయ్యి ఆయన ముందర నిలబడె. "సామీ, ఆ పదకొండు దినాలూ వచ్చిందని రాసేయండి. ఎవురు చూస్తారు?" మేష్ట్రు కసురుకోలా. "నేను చూస్తాను గదా అంజినప్పా" అన్యాడు. అంతే. నాయన ఇంటి దోవ పట్టె. ఇంగ నాకు చదువు లేదని నేనూ అనుకుంటి. గౌరిబిదనూరులో ఒగ సంబంధం కూడా చూస్తాండ్రి.

వారం తిరిగినాక మేష్ట్రు కబురు పంపె. కోలారుకు పోయి, పై ఆఫీసులో అర్జీ పెట్టి, ఆదివారాలు బడి పెడితే హాజరికి లెక్కవస్తాదని ఉత్తర్వు రాయించుకోని వచ్చినాడంట. పదకొండు ఆదివారాలు, స్మితా. బాగేపల్లి నుంచి సైకిల్లో వచ్చేవాడు. ఆడపిల్ల ఒక్కతే ఉంటాది గదా అని ఎనక సీట్లో పెండ్లాన్ని కూర్చోబెట్టుకొని వచ్చేవాడు. సుజాతమ్మ వసారాలో అనపకాయలు ఒలుస్తా ఉండేది. గంట ఆయనే కొట్టేవాడు. రిజిస్టరు తీసి, ఎదురుగా నేనొక్కదాన్నే ఉన్యా, "వనజాక్షి" అని పేరు పిలిచేవాడు. నేను లేసి "హాజరు సార్" అనల్ల. మొదట్లో నవ్వొచ్చేది. పోయేకొద్దీ ఆయన రిజిస్టరు తీయకముందే లేసి నిలబడేదాన్ని. మధ్యాన్నం సుజాతమ్మ తెచ్చిన రాగిముద్ద ముగ్గురం తినేది. ఆయనకు లెక్కలు చెప్పేది బాగా వచ్చులే, నాకే ఎక్కేది కాదు.

పాసైనా. నర్సు ట్రైనింగు దొరికె. నీకు ఈ అవ్వ చింతామణి ఆస్పత్రిలో ముప్పైనాలుగేండ్లు చేసిందనే తెలుసు, ఎట్ల పోయిందో తెలీదు. మేష్ట్రు కడాన ఊపిరి జబ్బుతో మా వార్డుకే వచ్చినాడు. ఒగ పొద్దు గంజి తాపిస్తా అంటి, "సార్, ఆ ఆదివారాలు మీరు రాకుంటే నేను యాడుండేదాన్నో. ఆ రుణం తీర్చలేను" అని. ఆయప్ప గంజి గ్లాసు పక్కకు జరిపె. "నీకన్నా రెండేండ్ల ముందర తిమ్మక్క అని ఒగ పిల్ల ఉండె. పదైదు దినాలు రాలేదు. రూలు ప్రకారం పేరు కొట్టేస్తి. ఎందుకు రాలేదని ఇంటికి పోయి అడగలా. మళ్ళ ఆ పిల్ల బడికి రాలా. అందుకే మీ ఇంటికి పదో దినమే వస్తి. నువ్వు రుణపడింది ఆ పిల్లకే వనజా" అన్యాడు.

నేనా తిమ్మక్కను చూడను కూడా చూడలే. చాకవేలు పక్క ఊరని అన్యారు. పింఛనొచ్చినాక రెండుసార్లు పోయి విచారిస్తి, ఎవురికీ గుర్తులేదు. ఎవురింట్లో ఉండాదో, ఉండాదో లేదో...

లే, కొళాయి నీళ్ళొచ్చినట్లుండాయి. బిందెలు పెట్టు పో.