గెస్టు లేచి నిలబడడు

సౌదీలోని యాన్బు రేవు, ఆదివారం పొద్దున తొమ్మిది. గ్రీసు నుంచి కొనితెచ్చిన తెరచాప పడవ ఒడ్డుకు కట్టేసి ఉంది. అతిథుల మెత్తల మీద, అతిథుల బట్టల్లో, అతిథులు కాని వాళ్ళు ఇద్దరు: పడవ తాళ్ళు చూసే జగిత్యాల రాజేశం, వంటవాడు కడప జబీ.

"కాళ్ళు పైన పెట్టు రాజేశమన్నా. గెస్టు కాళ్ళు వేలాడేసి కూచోడు."

"పైన పెడితే నడుం పట్టుకుంటున్నది జబీ. గీ మెత్త ఏంది, కూసుంటే మింగుతున్నది. రెండేండ్ల సంది రోజూ దులుపుతున్న గని దీని లోపలి సంగతి గిప్పుడే తెలిసింది."

"ఇంకొకటి. ఎవురన్నా వస్తే లేచి నిలబడొద్దు."

"నిలబడ."

"ఇందాక వాచ్‌మన్ పోతాంటే నిలబడినావు."

"అలవాటు. పెద్దమనిషి గద..."

"వాచ్‌మన్‌కే లేస్తే తనిఖీకి వచ్చే ఇన్స్పెక్టరుకు ఏం చేస్తావు, సాష్టాంగం పడతావా? గెస్టు లేచి నిలబడడు. తాళ్ళ దిక్కు చూడడు. తాగిన గ్లాసు కడగడు."

"గ్లాసు గూడనా?"

"ముఖ్యంగా గ్లాసు. చాయ్ తాగి ఆడనే వదిలేయాల."

"ఎంగిలి గ్లాసు ముంగట పెట్టుకొని ఎట్ల కూసుంటరు మనుషులు?"

"కూచుంటారు. దానికే గదా హాలిడే అని పేరు పెట్టినారు."

"అంగీ మీద కొబ్బరిచెట్లు, నెత్తిన గడ్డి టోపీ, కండ్లకు ఆడోళ్ళ అద్దాలు. మా పుష్ప చూస్తే నవ్వి సస్తది."

"గెస్టులు మర్చిపోయిన సామాను పెట్టెలో నీ సైజుకు అవే దొరికినాయి. నా నిక్కరు చూడు, పురికొస కట్టుకున్నా."

"అసలు మనం ఎటన్న పోతే అయిపోవు గద. పడవ నడిపే ఫిలిప్పీన్ కెప్టెన్‌ను బజార్లకు తోలినట్టు మనలను గూడ తోలితే ఏమాయె?"

"ఖాళీ పడవ చూస్తే కంపెనీ నడవడంల్యా అనుకుంటారంట. మన మేనేజరు ముదీర్ తెలివి అది. సౌదీ వాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిచ్చినారో లెక్కగట్టే నితాఖాత్‌లో కంపెనీ ఎర్రరంగులో ఉండాది. పచ్చలోకి రావాలంటే సౌదీ కెప్టెన్ కనపడాల, గెస్టులు కనపడాల, మనలాంటి దొంగకాగితాలోళ్ళు కనపడకూడదు. అందుకని మనల్నే గెస్టుల్ని చేసినాడు."

"గా సౌదీ కెప్టెన్‌ను ఎవలన్న చూసిండ్రా?"

"కాగితం మీద నాలుగు నెలల నుంచి ఉండాడు. మనిషిని ఎవురూ చూడలా. ఫోన్ కూడా ఎత్తడంట."

"మనమే నయం. కండ్లకన్న కనబడుతున్నం. నా ఇకామా కార్డుల పనేమని ఉన్నదో ఎరుకేనా? తబూక్‌ల తోటమాలి."

"తెలుసు. నాది ఇంటి డ్రైవర్. ఇంటిపనోళ్ళ మీద సర్కారుకు లెవీ కట్టే పని ల్యా గదా, అందుకే వీసా ఇచ్చే కఫీళ్ళందరికీ మనం తోటమాలులం, డ్రైవర్లం."

"గా ఇన్స్పెక్టర్ ఇకామా సూసి, సముద్రంల ఏం పండిస్తున్నవ్ రాజేశం అంటే ఏమనాలె?"

"ఉప్పు అని చెప్పు."

"నవ్వు, నవ్వు. నీకేంది."

"తోటమాలి సముద్రం చూడను రాకూడదా ఏం? పని చేస్తాంటేనే పట్టుకునేది. చేతులు ముడుచుకొని కూచో. అయినా పట్టుకుంటే పంపేది ఇంటికే గదా. నీకు ఎట్లాగూ గురువారం టికెట్టు."

"ఇంటికే పంపుతరు. పంపేముందు తర్హీల్ జైల్ల పదిదినాలు పెడతరో నెల పెడతరో ఎవలకెరుక? ఇరవై తారీకుతోటి మా బిడ్డ భాగ్యకు మూడో ఏడు ఎల్లిపోతది."

"పుట్టువెంట్రుకలా?"

"ఔ. కొండగట్టు మొక్కు. నేనొస్తేనే తీయాలె. మొదటి ఏడు నాకు సెలవు దొరకలే. గిప్పుడు తప్పితే మళ్ళ ఐదో ఏటనే. నడుం దాక పెరిగినయి జబీ. దువ్వబోతే వాడంత ఇనబడేటట్టు ఏడుస్తదట. ఏడ్సినప్పుడల్ల పుష్ప నాకే ఫోన్ కలిపి ఇనిపిస్తది, నీ మొక్కు నువ్వే ఇను అని."

"మంచి పని చేస్తాంది."

"కడుపుల ఉన్నప్పుడు ఒచ్చిన. ఇంతవరకు ఎత్తుకోలే. నేను ఫోన్ల కనబడితే ఫోన్ ఎనుకకు తిప్పి సూస్తది, నా ఈపు ఏడున్నదని."

"గురువారం చూస్తాదిలే నీ వీపు. కళ్ళు తుడుచుకో. అద్దాల కింద నుంచి కారతాండాయి."

"చెమట."

"సరే, చెమటే. ఇదిగో, ఈ పుస్తకం పట్టుకో. గెస్టులు ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతాంటారు."

"నాకు ఇంగ్లీషు ఒస్తదా?"

"పేజీలు తిప్పు, నేను చెప్తా. ఈ పడవ గ్రీసు దీవుల మధ్య తిరిగేటప్పుడు ఎక్కినోళ్ళు రాసిపెట్టిన పుస్తకం ఇది. గెస్టంటే ఎట్లుంటాడో ఇందులోనే నేర్చుకోవాల. విను. ఒకామె రాసింది: 'మూడో రోజు నుంచి చెప్పులు యాడ విడిచినానో గుర్తుల్యా. ఏడో రోజుకు ఆఫీసు పేరు గుర్తుల్యా.'"

"మంచిగున్నదామెకు. మనం కఫీల్ పేరు మరిచిపోతే లోపలేస్తరు."

"ఇంకొకాయన: 'గాలి ఎక్కువై పడవ ఒక పక్కకు ఒరిగింది. ఇంక బతకమని, పదేళ్ళ నుంచి దాచిన సంగతి నా భార్యకు చెప్పేసినా. అయిదు నిమిషాల్లో గాలి ఆగింది.'"

"అయ్యో."

"తర్వాతి పేజీలో భార్య రాసింది: 'వంట బాగుంది. నేను తర్వాతి దీవిలో దిగిపోతున్నా.'"

"దిగనీ. మంచి పని చేసింది."

"ఇంక వంట గురించి చూడు, ఆరు పేజీలు. చేపంట, నిమ్మకాయంట, వంటాయన చేతులకు ముద్దులంట. నేను రెండేళ్ళ నుంచి వండుతాండానా, నా గురించి ఒక్కడు రాసినాడు. 'అన్నం' అని."

"అన్నం మంచిగున్నదనా?"

"ఉత్త 'అన్నం'. అంతే."

"గీ ఆఖరు పేజీల అరబ్బీ ఉన్నది. పోయిన శుక్రవారం పొద్దందాక కక్కిన సౌదీ ఆయనది గద?"

"ఆయనదే. పడవ రేవు దాటకముందే మొదలుపెట్టినాడు."

"పాపం. ఆరు గంటలు నెత్తి పట్టుకొనే ఉన్న. శొంఠి నీళ్ళు తాగిపిచ్చినంక జర తేరుకున్నడు. దిగేటప్పుడు గిది రాసిండు. ఏమని రాసిండంటవ్?"

"నేను ఖురాన్ అచ్చక్షరాలైతే గడగడా చదువుతా. ఇది వణికే చేత్తో గీకింది. చీమ సిరాలో పడి పారాడినట్టుండాది. తిట్టే ఉంటాడు."

"తిట్టనీ. జబీ, ఎవలో ఒస్తుండ్రు. పొడుగు తెల్ల తోబు ఏసుకున్నడు. చేతిల ఫైలు."

"వచ్చినాడు. కూచో."

"కూసున్న."

"లేస్తాండావు."

"మోకాళ్ళు లేస్తున్నయి, నేను కాదు."

"సలాం చెప్పినాడు, నేను చెప్పినా. నువ్వు తలకాయ ఊపు. కొంచెమే. కఫీల్ ఊపినట్టు."

"ఊపిన. ఏమంటున్నడు?"

"'సుఖంగా ఉండారా' అంటాండాడు. ఉండామన్నా."

"చెమటలు పెట్టినయి ఆయనకు."

"ఎండ."

"మొకం మీద ఎండ లేదు జబీ."

"చూడొద్దు. చుక్కాని దగ్గరికి పోయినాడు. చక్రం పట్టుకొని ఇటూ అటూ తిప్పుతాండాడు. తనిఖీ మొదలైంది. మన దిక్కు చూసి నవ్వినాడు, నువ్వూ నవ్వు."

"నవ్విన."

"ఏడ్చినట్టుండాది, అయినా ఫరవాల్యా."

"జబీ."

"ఏం?"

"ఎనుక తాడు మీద చెయ్యేసిండు."

"గెస్టు తాళ్ళ దిక్కు చూడడని చెప్పినా గదా."

"ఇప్పుతున్నడు."

"విప్పనీ. ముడి గట్టిగుందో ల్యాదో చూస్తాండాడు."

"మొత్తం ఇప్పి నీళ్ళల్ల ఏసిండు. గాలి ఒడ్డు దిక్కే కొడుతున్నది. పడవ ఎనుకభాగం తిరుగుతున్నది జబీ."

"పుస్తకం చదువు."

"పుస్తకం తలకిందులున్నది."

"అట్లే చదువు."

"పది గజాల్ల రాళ్ళకట్ట ఉన్నది. గీ తీరుగ పోయి తాకితే చుక్కాని ఇరుగుతది."

"పడవ కంపెనీది. నీది కాదు."

"రెండేండ్ల సంది తుడిచింది ఎవలు?"

"గురువారం టికెట్టన్నా. పాప జుట్టు. చూడొద్దు."

"చూస్తలేను."

"మంచిది."

"చూడకున్నా తాడు లేని చప్పుడు ఇనబడుతది గద."

"అన్నా."

"ఆరు గజాలు."

"అన్నా, కూచో."

"నాలుగు."

"రాజేశమన్నా, నీకు దండం పెడతా..."

"గీ అద్దాలు పట్టుకో."

"యాడికి? అన్నా, దూకొద్దు."

"దూకిన. తాడు దొరికింది. నువ్వు ముంగట తాడు గుంజు జబీ."

"నేను గెస్టును."

"గుంజు."

"గుంజినా."

"ఇంక. ఇంక. గంతే. ఆపు."

"ఆగిందా?"

"ఆగింది. రాళ్ళకు జానెడు మిగిలింది."

"ఏం దూకుడప్పా. మెత్త మీద నుంచి ఒడ్డు మీదికి ఒక్క అంగ. టోపీ నీళ్ళపాలు. ముడి కూడా వేసేసినావా?"

"నేనెయ్యలే. చేతులే ఏసినయి."

"ఇంత చక్కని ముడి యాడ నేర్చినాడని అడిగితే ఏం చెప్పాల నేను? తబూక్‌లో టమాటా తీగలు కడతా నేర్చినాడనా?"

"ఏం చెప్పకు. అయిపాయె. నువ్వు పోయి మెత్త మీద కూసో, నువ్వింక గెస్టువే. వీడెవడో నాకెరుక లేదని చెప్పు. నా ఇకామా జేబులనే ఉన్నది, తీసుకొమ్మను."

"అన్నా..."

"పుష్పకు నువ్వే ఫోన్ చెయ్యి. ఐదో ఏటనే అని చెప్పు. జడేసి మలిచిపెట్టమను, దువ్వొద్దను."

"ఉండన్నా. ఆయన కూలబడినాడు."

"ఎవలు?"

"ఇన్స్పెక్టరు. చక్రం కింద కూచోని అల్హందులిల్లా అంటాండాడు. ఆపకుండా."

"నన్ను పట్టుకున్నందుకా?"

"ఉండు, విననీ. 'మీరు ఆఫీసర్లు కారు గదా' అంటాండాడు."

"ఎవలు?"

"మనం."

"మనమా?"

"'ఇన్స్పెక్షన్ ఉండాది, వచ్చి నిలబడమని ముదీర్ మెసేజ్ పెట్టినాడు. వచ్చేసరికి నల్లద్దాలు పెట్టుకొని ఇద్దరు కాళ్ళు చాపుకోని ఉండారు. నన్ను చూసి లేవలా. లేవనోళ్ళు ఆఫీసర్లే గదా అనుకున్నా' అంటాండాడు."

"మరి గీయన ఎవలు?"

"కెప్టెన్."

"ఏ కెప్టెన్?"

"మన కెప్టెనే. కాగితం మీదాయన. మొబైల్ షాపులో పని చేసేవాడంట. పడవ ఎక్కడం ఇదే మొదలంట. మన ముందర ఏదో ఒకటి చేసి చూపించాల గదా, కెప్టెనంటే తాడు విప్పుతాడు గదా అని విప్పినాడంట."

"ఇప్పినంక ఏం చేద్దామనుకున్నడు?"

"ఆడి వరకే ఆలోచించినాడంట."

"పానాలు తీసిండు గద పిలగాడు. మొకం సూడు, ఎట్ల ఎండిపోయిందో. నీళ్ళిస్త ఉండు."

"నువ్వు ముట్టుకోవద్దు, నేనిస్తా. నువ్వు ఇంకా గెస్టువే. అసలు ఇన్స్పెక్టరు రావాల గదా ఇంకా."

"గది మరిచిపోయిన. మళ్ళ గా మెత్త మీద కూసునుడు నాతోని కాదు జబీ."

"కాళ్ళు పైన పెట్టుకుంటే అవుతాది. రా, కూచో. ఇదేంది, ఈయన పుస్తకం తిప్పుతా నవ్వుతాండాడు."

"ఏ పేజీ?"

"ఆఖరుది. అరబ్బీది."

"సదవమను. తిట్లైనా సరే ఇంటా. గంత సేపు నెత్తి పట్టుకున్నోన్ని ఏమని తిట్టిండో."

"చదువుతాండాడు. నేను చెప్తా విను. 'ఈ పడవలో అన్నీ చూసి పోదామని వచ్చినా. కదిలినాక బకెట్టు తప్ప ఏమీ చూడలా.'"

"గా బకెట్ పట్టింది నేనే."

"'ఆరు గంటలు నా తల పట్టుకున్న మనిషి యాడివాడో, ఏ కాగితం మీద ఉండాడో అడగాల్సింది. నోరు తెరిస్తే మాటలు వచ్చే స్థితిలో ల్యాను. ఇంక అడగను. ఆయన శొంఠి నీళ్ళు మా అమ్మ చేసినట్టే ఉండాయి.'"

"నిమ్మకాయ గూడ పిండిన. గది రాయలేదా?"

"రాయలా. 'వంట తినలా, వాసన బాగుండాది.' అన్నా, విన్నావా? వంట గురించి రాసినాడు."

"ఇన్న, ఇన్న. ఇంకేమున్నది?"

"'ఆదివారం పని ఈరోజే అయిపోయిందని రాసుకుంటాండా. ఆదివారం ఎవురూ రారు. ఈ జన్మలో పడవ ఎక్కేది ల్యా.'"

"ఆదివారం పనేంది? ఎవలు రారు? కింద పేరున్నదా?"

"ఉండాది. పేరు కింద... ఇంకోసారి చదవమంటా ఉండు... పేరు కింద, 'లేబర్ ఆఫీసు, ఇన్స్పెక్టర్.'"