నొప్పికే మందు

అలా గుడ్లురుముతావేంటి మావా? అవును, వీరబ్రహ్మాన్ని నేనే పంపేశాను. ఇనప చువ్వ కాల్చి నీ రొమ్ము మీద వాతలు పెడితే దగ్గు పోద్దంట. పోద్ది, ఎందుకు పోదు? దాంతోపాటే నువ్వూ పోతావు.

గొంతు పోయింది గాని నీకు కోపానికేం తక్కువ లేదు. వల కాడ నువ్వు కేకేస్తే ఏటి అవతలికి వినపడేది. నీ నోట మాట విని మూడు నెలలైంది.

రామచంద్రపురం వైద్యుడు ఆచారి గారి గొప్ప చూశాం కదా. చెయ్యి పట్టుకున్నాడో లేదో, క్షయ అనేశాడు. లేహ్యం నాకమన్నాడు, చేపలు మానమన్నాడు. చేపలోళ్ళం చేపలు మానేసి ఏం తింటాం, ఆయన మాటలా? నోరు తీపెక్కింది గాని ఉమ్మిలో నెత్తురు ఆగిందా?

మీ అక్క పెద్దింట్లమ్మేమో గాలి సోకిందంది. కోడిని కోయించింది. ఆ కూర మాత్రం శుభ్రంగా తిని వెళ్ళింది.

ఇక రాజమంద్రి ఆస్పత్రి. డాక్టరు దొర గొట్టం ఆనించి విన్నాడు, వీపు మీద వేళ్ళతో తట్టాడు. నేను చేప మొప్ప ఎత్తి చూసినట్టే చూశాడు. సరుకు చెడిందని ఆ మొహం చూడగానే నాకు తెలిసిపోయింది.

నిన్ను బయట బల్ల మీద కూచోబెట్టి లోపలికెళ్ళాను, గుర్తుందా? దొర మాట కాంపౌండరు సామ్యేలు గారు తెలుగులో చెప్పారు. బయటికొచ్చి నీకేం చెప్పాను? చుట్ట మానేసి ఈ మందు రెండు సీసాలు తాగితే తగ్గిపోద్దన్నారని చెప్పాను.

చుట్ట మానమన్నారు, అది నిజమే. తగ్గిపోద్దని అనలేదు మావా.

ఊపిరితిత్తిలో గడ్డంట. గొంతు నరాన్ని నొక్కేది కూడా అదేనంట. కోసి తీసెయ్యండి బాబూ అని కాళ్ళు పట్టుకున్నాను. అక్కడ కత్తి పెడితే మనిషి మిగలడమ్మా అన్నారు. దీన్ని పోగొట్టే మందు ఎక్కడా లేదంట. ఆ సీసా నొప్పికే.

నిన్నటి చేపని ఇవాళ్టిదని ముప్పై ఏళ్ళు సంతలో అమ్మాను. నీకూ అలాగే అమ్మేశాను. తీరా సీసాలు అయిపోయినా తగ్గలేదని నువ్వు ఆ చువ్వోడిని పిలిపించుకుంటావని నాకేం తెలుసు?

ఏడవకు, దగ్గొస్తాది. వీరబ్రహ్మం ఇంకా రేవు దాటి ఉండడు. తలూపి చెప్పు, పిలవనా?

వద్దా? సరే.

అయితే నోరు తెరు. సామ్యేలు గారు నిన్ననే ఇంకో సీసా పంపించారు. పది చుక్కలు. ఇది జబ్బుకి కాదు, నొప్పికే. ఈసారి నిజమే చెప్పాను.