రుమాలు కింద ఆకాశం బేరం

"ఢిల్లీకి నేనేం సోకుకు పోలే, వాళ్ళే పిలిచిన్రు," అని మొదలుపెట్టాడు వెంకట్రాజం. ఎడ్ల అంగట్లో బేరాలు కుదిర్చే దళారి ఆయన. మామునూరు దగ్గర కట్టమ్మ చాయ్ హోటల్లో బెంచీ సగం ఆయనకే కావాలి.

మిగతా సగంలో మొగిలయ్య ఒదిగి కూర్చున్నాడు. అక్కడ కట్టబోయే ఎయిర్‌పోర్టు గోడ లేస్తే ఆయన పొలానికి బండి బాట మూసుకుపోతుంది. రేపు ఎయిర్‌పోర్టు ఆఫీసర్ మళ్ళీ ఊళ్ళోకి వస్తున్నాడు, జర ఆ మాట అడగమని వెంకట్రాజాన్ని బతిమాలడానికి మొగిలయ్య వచ్చాడు.

"ఆగు మొగిలయ్యా, నీ బాట యాడికి పోతది? ముందుగాల దేశం సంగతి ఇను. పరాయి దేశపోడు వచ్చి, మీ ఆకాశం ఖుల్లా ఇడువుండ్రి, మా విమానాలు దింపుతం, అగ్గువకు టికెట్లిస్తం అన్నడు. ఇడువకపోతే జనం తిడ్తరు, ఇడిస్తె మన కంపెనీలు మునుగుతయి. పెద్ద పెద్దోళ్ళే తలలు వట్టుకున్నరు. నేను భుజం మీది రుమాలు తీసిన. మన ఎడ్ల బేరం లెక్కనే, ఎవ్వలకు కానరాకుండ దాని కింద వాని చెయ్యి వట్టిన, నోటి మాట లేదు, అంత వేళ్ళ లెక్కనే. వాడు నాలుగు వేళ్ళు వట్టిండు, అంటే రోజుకు నలభై విమానాలు. నేను ఒక్క వేలు వట్టి మెలేసిన, అంటే పదే. నీది ఒకటి ఈడ దిగితే మాది ఒకటి మీ ఊళ్ళె దిగాలె, కాజీపేట దాటినంక మా పైలటే నడపాలె అన్న. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?" అన్నాడు ఎదుటి బెంచీ మీది భాస్కర్.

"ఇంకో ఐదు దేశాలోళ్ళు చేతులు వెట్టిన్రు. రుమాలు సాలలే, దోతి ఇప్పిన."

"మరి ఒంటి మీద ఏమున్నది?" అంది కట్టమ్మ.

"దేశం ఇజ్జత్ ఉన్నది. దోతి గూడ సాలక కాశిబుగ్గ నుంచి పెండ్లిల పరిచే శతరంజీ తెప్పిచ్చిన. ఆరుగురివి కలిపి అరవై వేళ్ళు, ఏది ఎవనిదో నాకే ఎరుక. ఆఖరుకు పొలానికి వెట్టినట్టు ఆకాశానికి గెట్లు వెట్టిన. తొర్రూరు నుంచి పాలంపేట దాకా ఒక్క మబ్బు గూడ పరాయోనికి ఇయ్యలే. ఇయ్యాల ఏ విమానం ఇటుకెళ్ళి పోయినా రెక్క వంచి నాకు దండం వెట్టి పోతది. పైలట్ కిటికీ తీసి, రాజమన్నా బాగున్నవా అంటడు."

మొగిలయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, మొన్న ఆఫీసర్ వస్తే నిన్నే ముందట కుర్సీల కూసోవెట్టినం. ఎవరన్న చెప్పేదున్నదా అని ఆయన మూడుసార్లు అడిగిండు. నువ్వు లేచినవు. బాట సంగతి అడుగుతవని ఊరంత సూసింది. సార్, మజ్జిగ తాగుతరా అన్నవు."

వెంకట్రాజం రుమాలు సర్దుకున్నాడు.

"రేపు నేనే అడుగుత," అని లేచాడు మొగిలయ్య. "నువ్వు మజ్జిగ వట్టుకొని రా."