ఠండా చేసిన పుస్తకం

శామీర్‌పేటలో కుల్సుమ్ ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. నిన్న ఆమె దగ్గర వదిలి వెళ్లిన పాత ఉర్దూ పుస్తకాన్ని తీసుకుపోవడానికి, ఆమె మనవరాలు నిఖత్ దోస్తు అశ్రిత వచ్చింది. నిఖత్ లాగే అశ్రిత కూడా ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అనే పిలుస్తుంది.

"మల్లొక్కసారి చెప్పు నానీ. యాడ పెట్టినవ్?"

"సెప్పిన గద బిడ్డా, అల్మార మీద. ఎర్ర గుడ్డల సుట్టి పెట్టిన. ముందుగాల నువ్వు కూసో. జర నీళ్లు తాగు, మొకమంతా పాలిపోయింది."

"నీళ్లొద్దు. అల్మార మీద లేదు. మంచం కింద చూసిన, బట్టల మూటల చూసిన. ఎర్ర గుడ్డ ఉన్నది, పుస్తకం లేదు. గుడ్డ ఈడుంటే పుస్తకం యాడికి పోతది?"

"ఎలుకలేమన్న..."

"ఎలుకలా? ఎలుకలు గుడ్డ ఇప్పి, మల్ల మడత పెట్టి పోతయా నానీ?"

"నా మీద గుస్స జెయ్యకు."

"గుస్స కాదు, భయం. అది మా యూనివర్సిటీ పుస్తకం గూడ కాదు. కలకత్తాల జాతీయ గ్రంథాలయం ఉన్నది గదా, ఆళ్లది. నా పీహెచ్‌డీ కోసమని మా లైబ్రరీ అడిగితే పంపిండ్రు. దేశం మొత్తంల గా ఒక్కటే ఉన్నది. ఇంకోటి లేదు."

"దేశం మొత్తంల ఒక్కటే ఉన్నదాన్ని సంచిల ఏస్కొని బస్సుల తెచ్చినవా? సెప్పు మరి. గంత పెద్ద మనుషులు, బస్సుల తీస్కపోమని ఇచ్చిండ్రా?"

"ఇయ్యలే. లైబ్రరీలనే కూసోని సదువుకోవాలె, గడప దాటించొద్దు. ఫొటోలు గూడ తియ్యొద్దు. సంతకం పెట్టి మరీ తీసుకున్న."

"సంతకం పెట్టి..."

"పెట్టి తెచ్చిన! నాకు ఉర్దూ రాకపాయె. మా యూనివర్సిటీల ఉర్దూ సార్లను అడిగితే, ఈ పాత రాత సదవాల్నంటే వారానికి ఒక పేజీ అన్నరు. నిఖత్ ఏమో మా నానీ గడగడ సదువుతదన్నది. నువ్వేమో మోకాళ్ల నొప్పులతోని బస్సెక్కలేవు. అందుకని మా లైబ్రేరియన్ పరమేశ్ సార్ కాళ్లా వేళ్లా పడ్డ. శుక్రవారం తీస్కపోయి సోమవారం పొద్దున నా టేబుల్ మీద పెట్టు, ఎవరికీ తెల్వొద్దు అన్నడు. రేపే సోమవారం నానీ."

"నిన్ననే తీస్కపోతె అయిపోవు గద."

"వాన పడుతుండె! తడుస్తదని నీ దగ్గర పెట్టి పోయిన. పైలంగ ఉంటదని. ఏంది, అట్ల చూస్తున్నవ్? నానీ? నీకేమన్న తెలుసా?"

"బిడ్డా, నువ్వు గాబర కాకు. ఒక మాట సెప్త."

"చెప్పు. జల్దీ చెప్పు."

"మా ముసలాయన..."

"తాజుద్దీన్ తాతనా? తాత ఏం చేసిండు?"

"పొద్దుగాల నమాజుకు పోయేటప్పుడు తీస్కపోయిండు. ఠండా జెయ్యనీకె."

"ఠండా చేసుడంటే?"

"మా ఇండ్లల్ల ఉంటది గట్ల. ఖురాన్ పుస్తకం పాతగైతె, కాయితాలు ఊడిపోతె, చెత్తల పారెయ్యం. అల్లా మాట కాళ్ల కింద పడొద్దు. శుభ్రంగ గుడ్డల కట్టి భూమిల పెడ్తం, లేకుంటె పారే నీళ్లల్ల ఇడుస్తం. దాన్నే ఠండా జేసుడంటరు."

"నీళ్లల్ల... అంటే చెరువుల?"

"చెరువులనే."

"నానీ, నీకు దండం పెడ్త. తమాషా జెయ్యకు."

"తమాషానా? గీ వయసుల నీతోని తమాషాలేంది?"

"అది ఖురాన్ కాదు గదా! చెరువుల పుస్తకం! నిజాం జమానల ఎవరో తహసీల్దారు ఊరూరు తిరిగి, ఏ చెరువుకు ఎన్ని తూములు, నిండితే నీళ్లు యాడి దాక వస్తయి అని రాసుకున్న పుస్తకం. నిన్న పొద్దంత నాకు సదివి చెప్పింది నువ్వే గదా!"

"నాకు ఎరుకే. ఆయనకు ఎరుక లేకపాయె. ఆయనకు ఉర్దూల మొదటి అక్షరం అలీఫ్ గూడ రాదు బిడ్డా. మొదటి పేజీల అల్లా పేరు తలుచుకుంట బిస్మిల్లా అని ఉన్నది. ఉర్దూల పాత పుస్తకం ఏదైనా గట్లనే మొదలైతది. ముసలాయన గదొక్కటి గుర్తుపడ్తడు. కాయితాలు సూస్తె పొడి పొడి రాల్తున్నయి. అరె, పాపం తగుల్తదని..."

"నువ్వు ఇంట్లనే ఉన్నవు గదా! ఆపకపోయినవా?"

"నేను రొట్టెలు జేస్తున్న. సూడలే."

"చూడకపోతే, తీస్కపోయిండని నీకెట్ల తెలుసు?"

"సెప్పిండు. మల్ల వచ్చినంక సెప్పిండు."

"చెప్తే నువ్వేమన్నవ్?"

"ఏమంట... నెత్తి కొట్టుకున్న."

"నేను వచ్చి గంటైతాంది. వచ్చినప్పుడే ఎందుకు చెప్పలే? అల్మార మీద చూడమన్నవ్, మంచం కింద చూడమన్నవ్. ఎలుకలన్నవ్."

"భయమైంది బిడ్డా. నీ మొకం సూస్తె సెప్పబుద్ధి గాలే."

"తాత యాడున్నడు? ఫోన్ చెయ్యి."

"జీడిమెట్ల పోయిండు డ్యూటీకి. మందుల కంపెనీ గదా, ఫోన్ గేటు కాడనే పెట్టుకుంటరు. పొద్దుగూకినంకనే ఇస్తరు."

"గేటు కాడికే పోయి పిలుస్త."

"వొద్దొద్దు! డ్యూటీల ఉన్నోన్ని పిలిస్తె ఆళ్లు ఒర్లుతరు."

"మరి నన్ను చెరువు కాడికన్న తీస్కపో. ఏ దిక్కు ఏసిండో చూపియ్యి, నేను దిగుత."

"దిగుతవా? ఈత వస్తదా?"

"రాదు."

"అల్లా! ఈత రాకుంట దిగి నువ్వు గూడ ఠండా అయితవా? కూసో. ఇప్పటికి కాయితం కరిగి పిండైపోయి ఉంటది."

"గట్ల అనకు నానీ. గట్ల అనకు."

"ఏడ్వకు బిడ్డా. ఏడ్వకు. నా బంగారం గద."

"నాకేమైనా పర్వాలేదు. డిగ్రీ ఇయ్యకపోతే ఇయ్యరు. పరమేశ్ సార్‌ను ఏం చేస్తరో! పోయే ముందు మూడుసార్లు అడిగిండు నానీ, పైలంగ తెస్తవు గదమ్మా అని. ఆయన సర్వీసుల ఒక్క మచ్చ లేదు. వచ్చే ఏడు రిటైర్ అయితడు. నా మాట నమ్మి ఇచ్చిండు."

"ఆయనకు ఇప్పుడే సెప్పకు. రేపు సూద్దాం."

"రేపు చూస్తే ఏమొస్తది? నీళ్లల్లకెళ్లి లేచొస్తదా? ఎంత దాపెడితే అంత పెద్దగైతది. చేస్తున్న, ఇప్పుడే చేస్తున్న. స్పీకర్ పెడ్త, నువ్వు గూడ చెప్పు, తాత తెల్వక చేసిండని. ...హలో, పరమేశ్ సార్?"

"ఆ, చెప్పమ్మా అశ్రితా. బుక్కు పైలమేనా?"

"సార్..."

"ఏమ్మా? గొంతు అట్లున్నదేంది?"

"సార్, బుక్కు... బుక్కు నీళ్లల్ల పడ్డది సార్."

"తడిసిందా? అయ్యో, ఎండల మాత్రం పెట్టకు. పేజీ పేజీకి మధ్యల తెల్ల కాయితం పెట్టు, ఫ్యాన్ కింద..."

"ఉత్తగ తడుసుడు కాదు సార్. మొత్తమే చెరువుల పడ్డది. ఇంటాయన పవిత్ర గ్రంథం అనుకోని, పాతగైందని, నీళ్లల్ల ఇడిచిండంట. సార్? ఉన్నరా?"

"ఉన్న. ఉన్ననమ్మా. జర ఆగు, కూసుంట."

"అంతా నా తప్పే సార్. నేను రాసిస్త. మీకు తెల్వకుంట నేనే దొంగతనంగ తీస్కపోయిన అని రాసిస్త."

"ఆగమ్మా. పిచ్చి పిచ్చిగ మాట్లాడకు. అబద్ధం రాస్తే ఇంకో తప్పు. పెనం మీదికెళ్లి పొయ్యిల పడుడే. కూసోని ఆలోచిద్దాం. ...నిజంగనే నీళ్లల్లనా?"

"నిజంగనే సార్."

"ఇరవై ఎనిమిదేండ్ల నుంచి ఎందరి పుస్తకాలు తెప్పించిన, ఎన్ని వాపస్ పంపిన... ఆగు. ఆగాగు. నువ్వు మొదట్ల కాపీ అడిగితివి గదా? బుక్కు కాదు, కాపీ."

"అడిగిన సార్. మస్తు టైం పడ్తది, ముందుగాల బుక్కే పంపుతం అన్నరు."

"నిన్న కలకత్తా నుంచి మెయిల్ వచ్చింది. సగం సదివి పక్కన పెట్టిన. ఉండు, తెరుస్త... ఇగో. ఆ. అమ్మా, బతికించిండ్రు!"

"ఏమున్నది సార్?"

"పంపే ముందే స్కాన్ తీసి పెట్టుకున్నరంట. అట్ట నుంచి అట్ట దాకా, ఒక్క పేజీ ఇడవకుంట. వచ్చే వారం వెబ్‌సైట్ల పెడ్తం, మీ స్కాలర్‌కు చెప్పుండ్రి అని రాసిండ్రు."

"నిజమా సార్?"

"నిజమే. నీ పరిశోధనకు ఢోకా లేదు. ఇగ బుక్కు పోయినందుకు నా మెడ మీద కత్తి ఎట్లున్నదో అట్లనే ఉన్నది. అది రేపు ఇద్దరం పోయి రిజిస్ట్రార్ ముంగట నిలబడి ఉన్నదున్నట్టు చెప్దాం. నువ్వైతే ఇంటికి పో. ఆ ముసలాయన మీద ఎగురకు, తెల్వక చేసిండు పాపం."

"సరే సార్. సార్... మాఫ్ చెయ్యుండ్రి."

"పెట్టెయ్యమ్మా. నేను జర నీళ్లు తాగాలె."

"విన్నవా నానీ? మొత్తం స్కాన్ తీసిండ్రంట! సదవాల్సింది యాడికీ పోలే. సార్ పని ఏమైతదో గని, ముందుగాల ప్రాణం లేచొచ్చింది. నానీ? ఏందట్ల గోడకు ఒరిగినవ్?"

"యెబ్‌సైట్ అంటె ఏంది బిడ్డా?"

"ఇంటర్నెట్ల పెడ్తరు. ఎవరన్న చూసుకోవచ్చు."

"ఎవరన్ననా?"

"ఎవరన్న. ఫోన్ల గూడ వస్తది."

"గని అది ఉర్దూ గద. గా పాత రాత ఎవరికీ రాదంటివి గద. సూసినా సదవలేరు."

"ఏమో నానీ, ఇయ్యాల రేపు ఫోనే సదివి తెలుగుల చెప్తాంది. ఇయ్యాల రాకుంటే రేపైనా వస్తది."

"అన్ని పేజీలా? ఒక్కటి గూడ ఇడువరా?"

"అట్ట నుంచి అట్ట దాకా అన్నడు గదా."

"ఒక్క పేజీ తీసెయ్యమని అడిగితె? పెద్దసారుతోని సెప్పిచ్చి, బతిమాలి అడిగితె?"

"తియ్యరు. ఎందుకు తీస్తరు? ఇన్ని అడుగుతున్నవేంది నానీ?"

"ఆయన చెరువు కాడికి పోలే."

"ఏందీ?"

"మా ఆయన దాన్ని ముట్టలే. ఆయనకు అసలు ఎరుకనే లేదు. బుక్కు బియ్యం డబ్బల ఉన్నది. అడుగున. ఒక్క సుక్క నీళ్లు తగలలే. కసం తిని సెప్తున్న."

"నానీ!"

"పో, తీస్కో. కింద దాక చెయ్యి పెట్టు."

"ఉన్నది... ఉన్నది! అయ్యో నా తల్లీ, ఉన్నది. ఏం మనిషివి నానీ నువ్వు! గంట నుంచి నేను ఏడుస్తుంటే చూసుకుంట కూసున్నవా? సార్‌కు గుండె ఆగేది. ముసలోని మీద నింద ఏస్తివి, మీ దేవుని పేరు చెప్పి అబద్ధమాడితివి. నేనేం పాపం చేసిన నీకు?"

"నువ్వేం జెయ్యలే బిడ్డా. తోబా, తోబా, పాపం నాదే. నిన్న నీకు అన్ని కుంటలు సదివి ఇనిపిచ్చిన. ఒక్కదాని కాడ రెండు పేజీలు ఒక్కసారే తిప్పిన. నువ్వు సూడలే."

"ఏ కుంట?"

"మోతుకుంట."

"ఆ పేరు నేను యాడా వినలే."

"ఇప్పుడు లేదు. ఎన్నడో పూడ్చి పిలాట్లు జేసిండ్రు. మొన్న తూంకుంట దిక్కు ఏదో కుంట జాగ అని సర్కారోళ్లు బుల్డోజర్లు తెచ్చి ఇండ్లు పడగొట్టిండ్రు సూడు, అప్పటికెళ్లి మా ముసలాయనకు నిద్ర లేదు. కుంట ఈడి దాక ఉండెనని పాత కాయితం ఒక్కటి దొరికితె సాలంట, ఇల్లు ఉండనియ్యరంట. గా ఒక్కటే పుస్తకం అంటివి. ఇంకోటి లేదంటివి. నిన్న రాత్రి నా మతి పాడైంది."

"నానీ... మీ ఇల్లు..."

"ఇగ దాపెట్టి ఏం లాభం? ఫోన్ సదివే కంటె నేనే సదువుత. ఇటియ్యి. కలం తీసి రాసుకో. ‘మోతుకుంట నిండితే, పడమటి దిక్కు నీళ్లు నల్లగుండును తాకుతయి.’"

"నల్లగుండు అంటే పెద్ద బండనా? అది యాడున్నది?"

"మా వంటింట్ల ఉన్నది బిడ్డా. దాని మీదనే పొయ్యి పెట్టుకున్నం."