గాలి దిండ్ల కప్పు

ఆ ఉదయం ప్రారంభం కావలసిన ఈతకొలను దగ్గర తండ్రీ కూతుళ్ళు తలలెత్తి నిలబడ్డారు. పైన గాజులా మెరిసే ప్లాస్టిక్ దిండ్ల కప్పు కూతురి డిజైనే. రాత్రికి రాత్రి ఆ దిండ్లన్నీ గాలి పోయి, వాన నీళ్ళ బరువుకి కిందికి వేలాడుతున్నాయి.

“ఇదీ డిజైన్లో భాగమేనా అమ్మా?”

“అవును నాన్నా, ఇంత అందం కోసం నాలుగేళ్ళు కష్టపడ్డాను.”

“గాజు వేయించకపోయావా?”

“గాజు మోయాలంటే బోలెడు ఇనుము కావాలి. ఇవి తేలిక. లోపల గాలే కదా.”

“గాలే. కనబడుతోంది.”

“నిన్నటిదాకా బానే ఉన్నాయి. ఆ మూలగదిలో ఫ్యాన్ రాత్రీ పగలూ వీటిలోకి గాలి కొడుతూనే ఉంటుంది.”

ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఆ బుల్లి గదిలోదా?”

“నాన్నా.”

“మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే చూస్తూ ఊరుకోమంటావా? నిన్న సాయంత్రం వెళ్తూ ఆపాను.”

“చాలా మంచి పని చేశావు. ఇంకేమైనా ఆపావా?”

“లైటు కూడా.”

“స్విచ్చి పైన ‘ఆపవద్దు’ అని ఎర్రరంగుతో రాయించాను. చూడలేదా?”

“నీ గదిలో ‘ఆపి వెళ్ళు’ అని నేనూ రాసిపెట్టాను. ఒక్కరోజైనా చూశావా?”

ఆమె వెళ్ళి స్విచ్చి వేసి వచ్చింది. దిండ్లు మెల్లగా ఉబ్బడం మొదలుపెట్టాయి.

“ఇక దాన్ని ఎప్పటికీ ఆపరా?”

“ఎప్పటికీ.”

“అయితే ఇంత చదువూ చదివి, ఫ్యాన్ ఆపకపోయినా ఎవరూ తిట్టని ఉద్యోగం వెతుక్కున్నావన్నమాట.”