తవిటయ్య గుర్రుకి ఏడు సున్నాలు

పూరీ గేట్ దగ్గర టీ బడ్డీకి తవిటయ్య పొద్దున్న ఏడింటికే వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చొక్కా మాత్రం ఇస్త్రీది. పక్కన బామ్మర్ది బుజ్జిబాబు, ఎదురుగా హిజ్లీలో చదువుకుంటున్న తెలుగు కుర్రాడు రంగనాథ్.

"దాదా, ఇంకో చా, కడక్‌గా," అని తవిటయ్య బడ్డీవాడికి కేకేసి ఇటు తిరిగాడు. "ఇను బాబూ రంగనాథూ, నాను గుర్రు మానీసినాను. పెద్ద పనేటీ కాదనుకో. మూడు నెలల కిందట మా సిట్టెమ్మ, నీ గుర్రుతో నాకు నిద్ర నేదు, బీపీ పెరిగిపోతంది అనీసి తాల్‌బగీచాలో మా కూతురు మౌనిక ఇంటికి ఎలిపోనాది. డాట్టరేమో ముక్కుకి గొట్టం మిషను ఎట్టుకోమన్నాడు. గొట్టాలు ఇంజనుకి గానీ మనిషికేటి? అప్పుడు మౌనిక నా ఫోన్లో ఏదో యాప్ ఏసి, నాన్నా, ఏడు రాత్రులు గుర్రు సున్నా అని సూపిత్తే అమ్మని పంపుతాను అన్నాది. రాత్రితో ఏడూ అయిపోనాయి. ఈ పూటే తీసుకొచ్చీడానికి ఎల్తన్నాను."

"ఎలా తగ్గింది తవిటయ్యగారూ?"

"అలగడుగు. ముందు బంతి. బనీను ఎనకాల బంతి కుట్టుకుంటే ఎల్లకిలా తొంగోలేం, పక్కకి తిరుగుతాం, గుర్రు తగ్గుతాది. అందరూ రబ్బరు బంతి కుడతారు, నానేమో బేరింగు గుండు కుట్టినాను. తగ్గింది గానీ, నాను పక్కకి తిరిగితే గుర్రూ పక్కకే తిరిగినాది. మా పక్కనున్న ఈ బుజ్జిబాబు క్వార్టరు గోడ పెచ్చులన్నీ రాలిపోనాయి. రాలినాయా నేదా?"

"రాలినాయి బావా. వానకి."

"వానంట. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? ముక్కు మీద పట్టీ. మందుల షాపులో అమ్ముతారు, ముక్కు రంధ్రాలు ఎడంగా పట్టుకుంటాది. ఎంత ఎడమైనాదంటే, ఊపిరి పీలిత్తే దోమతెర, లుంగీ, క్యాలెండరు, అన్నీ మంచం కాడికి వచ్చీసినాయి. వదిలితే ఎక్కడివక్కడికి ఎలిపోనాయి. క్యాలెండరు మాత్రం మూడు కాయితాలు ఎనక్కి తిరిగిపోనాది, సిట్టెమ్మ ఇంట్లో ఉన్న నెలకి. నానింక తిప్పనేదు.

"సరే, గెడ్డానికి పట్టా. నోరు మూసుకుంటే గుర్రు రాదంటారు కదా. నాను వాక్యూమ్ బ్రేకు గొట్టం కోసి బిగించీసినాను. ఆదివారం మజ్జాన్నం తొంగున్నాను. నోరు మూసుకున్నాది, మరి గాలి ఎటెల్తాది? సెవుల్లోంచి ఈలేసినాది. అచ్చం మన వర్క్‌షాపు సైరనే. సైరనింటే రైలోడి కాళ్లు ఆగుతాయేటి? రెండేల మంది కేరేజీలు పట్టుకుని సైకిళ్లెక్కీసినారు. రిటైరైనోళ్లు కూడా. గేటుకి తాళం సూసినాకే ఆదివారమని గుర్తొచ్చినాది."

"మీరు పడుకునే ఉన్నారా?"

"నేదు బాబూ, నా సైరనుకి నానే లేచి ఎల్లినాను. అందరి సేతుల్లోనూ కేరేజీ ఉన్నాది, నా సేతిలో నేదు. కట్టే మనిషి తాల్‌బగీచాలో ఉన్నాది కదా."

టీ వచ్చింది. తవిటయ్య మట్టి కప్పు రెండు చేతులతో పట్టుకుని ఓ గుక్క తాగాడు.

"ఆకరికి, మంచం తలవైపు ఎత్తు ఎట్టమన్నారు. అందరూ ఇటకలు ఎడతారు, నాను ట్రాలీ సక్రాలు ఎట్టినాను. గుర్రు తోపుకి మంచం కదిలి, వీధి దాటి, పట్టాలెక్కీసినాది. గూడ్సు అనుకుని లైన్ క్లియర్ ఇచ్చీసినారు. హిజ్లీ టేసన్లో రెండు నిమిషాలు హాల్టు. ఒక దీదీ మూటతో ఎక్కి, దాదా, కాస్త జరుగు అన్నాది."

"జరిగినావా బావా?"

"జరక్కేటి సేస్తాను, టిక్కెట్టున్నాది ఆవిడకాడ. జరగ్గానే మెలకువొచ్చీసి గుర్రు ఆగిపోనాది, మంచమూ ఆగిపోనాది. నెత్తినెట్టుకుని నడిసొచ్చినాను. అలిసిపోనానురా. సెప్తంటే కూడా అలుపొత్తంది. ఆ రోజే, గుర్రూ, ఇంక సాలు అన్నాను. మానీసినాది. ఇదిగో ఫోను. ఎల్లే ముందు నువ్వొకసారి సదివి, సరిగ్గా ఉన్నాదో నేదో సెప్పు బాబూ."

రంగనాథ్ చూశాడు. వేలితో కిందికి జరిపి మళ్లీ చూశాడు.

"గురక సున్నా. ఏడు రాత్రులూ సున్నాయే."

"సెప్పినానా."

"దాని కింద ఇంకో వరస ఉంది తవిటయ్యగారూ. నిద్ర. అదీ ఏడు రాత్రులూ సున్నాయే."

తవిటయ్య ఫోను తీసుకుని తనకి కనిపించని ఆ వరసని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"నైట్ డూటీలు సేసినోణ్ణి. ఏడు నైట్లు నాకో లెక్కేటి. పగలు కునుకుతన్నాను లే." గొంతు తగ్గింది. "ఆ కింది వరస సెరపడానికి అవుతాదేటి బాబూ?"

"అవదండీ."

"ఆ మిషను ఎట్టుకో బావా," అన్నాడు బుజ్జిబాబు.

"ఎట్టుకుంటే ఏనుగులాగ కనపడతానురా. మీ అప్ప నవ్వుతాది."

"నవ్వనీ. నవ్వితే ఇంట్లో ఉండే కదా నవ్వుతాది."

తవిటయ్య బడ్డీ గుంజకి తల ఆనించి అప్పటికే గుర్రు మొదలెట్టాడు. బుజ్జిబాబు అతని చేతిలోంచి కప్పు మెల్లిగా తీసి పక్కన పెట్టి, మిషను సంగతి మాట్లాడ్డానికి మౌనికకి ఫోన్ చేశాడు.