ఊడవని వాకిళ్ళు

సూరమ్మని ఒక మనిషి, గెడ్డపాలెంలో. కోడి కూసే వేళకి ఆవిడ వాకిట్లో కళ్ళాపి పడిపోవాల్సిందే, ముగ్గు తేలిపోవాల్సిందే అంట. కోడలు చేస్తానన్నా చీపురిచ్చేది కాదంట. ఆ ఊరికి ఎగువన కరెంటు ఫ్యాక్టరీ వాళ్ళ బూడిద చెరువుంది. చెరువంటే చేపలుండే చెరువనుకోకండి. బొగ్గు కాల్చాక మిగిలిన బూడిదని నీళ్ళలో కలిపి, గొట్టాల్లో పంపి, గట్టు కట్టి నిలబెడతారు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివానులెండి, మా మాస్టారొకాయన ముక్కుపొడుం పీలుస్తూ పాఠం చెప్పేవాడు... ఆయన సంగతి ఇప్పుడెందుకు గానీ, ఆ బూడిదలో విషం ఉంటుంది, అదీ చెప్పొచ్చేది. ఎండాకాలం అది గాలికి లేచి అన్నంలో పడుతుంది. వానాకాలం ఇంకి బావిలోకి దిగుతుంది. సూరమ్మ మనవరాలు నూకాలు, చిన్నపిల్ల, అన్నం తింటూ తింటూ దగ్గేదంట. ఈ గాల్లో ఉంచొద్దమ్మా అన్నాడు డాక్టరు. ఊరొదిలి ఎక్కడికి పోతారు చెప్పండి?

ఏమైందంటే, ఊరంతా కలిసి అర్జీ పెడితే జిల్లా నుంచి ఆఫీసరు వస్తానన్నాడంట. ఇంక చూడండి! పెద్దాయన వస్తున్నాడని ఆడాళ్ళంతా వాకిళ్ళు ఊడ్చి, అరుగులు కడిగి, అరటాకుల మీద బూడిద కూడా గుడ్డపెట్టి తుడిచేశారు. ముగ్గులు సరే, పండగే అనుకోండి. ఆఫీసరు దిగాడు, కొబ్బరినీళ్ళు తాగాడు, చుట్టూ చూశాడు. ఊరు అద్దంలా ఉంది, బూడిదేదమ్మా అన్నాడంట. నిన్న ఉంది బాబూ అన్నారంట వీళ్ళు. నవ్వకండి, మీ ఇంటికి ఆఫీసరొస్తే మీరూ అంతే. ఆయన గట్టు దాకా అయినా పోకుండా కారెక్కేశాడు.

అప్పుడు సూరమ్మ అంది కదా, మళ్ళీ పిలిపించు నాయుడా, ఈసారి ఒక్కరూ చీపురు ముట్టొద్దు, కళ్ళాపి చల్లొద్దు అని. పెద్దమనిషి సన్యాసినాయుడు అదిరిపడ్డాడు. "ఏటత్తా ఆ మాట? పీనుగున్న ఇంట్లోనే కదా ముగ్గు మానేది! శుభమా అని ఊరుంటే..." "నువ్వు ముక్కు మూసుకుని కూచోరా. నాకు మాత్రం సరదాగా ఉందేటి?" అందంట. అన్నది గానీ, తెల్లారి లేచి చెయ్యి ఊరుకోక చీపురు పట్టుకుని గుమ్మందాకా వచ్చిందంట. లోపల పిల్ల దగ్గింది. చీపురు అటక మీద పడేసి, గుమ్మంలోనే కూలబడిపోయింది. ఊరంతా అలాగే కొన్నాళ్ళు. ముగ్గుల్లేని వాకిళ్ళు చూసి పక్కూరివాళ్ళు ఏడుపు మొహాలు పెట్టుకుని పరామర్శకి కూడా వచ్చేశారంట, ఎవరు పోయారమ్మా అంటూ.

నాయుడు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. కారు దిగితే చెప్పులు బూడిదలో దిగబడ్డాయి. సూరమ్మ ఇంటి అరుగు మీద కూచుని లేస్తే ప్యాంటు తెల్లబడింది. ఆయనా మన తెలుగింటి పిల్లాడే, ఊరంతా ముగ్గు లేకపోయేసరికి గొంతు తగ్గించి అడిగాడంట, ఎవరు పోయారమ్మా అని.

"ఇంకా ఎవరూ పోలేదు బాబూ," అంది సూరమ్మ. "పోయాక పరామర్శకి వస్తారేమోనని ముందే పిలిచాం."

లోపల నూకాలు దగ్గింది. ఆయన గట్టెక్కి అంతా చూసొచ్చాడంట. ఆ తర్వాత సర్కారు కదిలింది. ఊరికి మంచినీళ్ళ గొట్టం వేశారు. కొత్త బూడిద పొయ్యనివ్వలేదు. పాతది ఫ్యాక్టరీ ఖర్చుతోనే తడిపి, లారీల మీద పట్టాలు కప్పి, నీరు దిగని గోతులకి తరలించమన్నారు. మరి ఎవరు చెయ్యాలండీ? ఇంటి ముందు వాకిలి మనం ఊడ్చుకుంటాం. కొండంత బూడిద సూరమ్మ చీపురుకి పోతుందా? అది సర్కారు ఊడవాల్సిన వాకిలి.

సగం పోయిందంట ఇప్పటికి. పిల్లకి దగ్గు తగ్గింది, పూర్తిగా కాదు. సూరమ్మ మళ్ళీ కోడి కంటే ముందే లేస్తోంది. ఆఫీసరు వస్తున్నాడని కబురొస్తే మాత్రం ఊళ్ళో చీపుర్లన్నీ అటకెక్కేస్తాయంట. మిగతా సగం ఉంది కదా మరి.